ఒకే క్యాన్సర్.. దేశాన్ని బట్టి ఆయుష్షు

నాలుగు అంకెలతో మొదలుపెడదాం. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో ప్రతి 12 మంది మహిళల్లో ఒకరికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వస్తోంది. దాంతో చనిపోతున్నది 71 మందిలో ఒకరు. బాగా వెనుకబడిన దేశాల్లో ఈ జబ్బు బయటపడుతున్నది 27 మందిలో ఒకరికే. చనిపోతున్నది మాత్రం 48 మందిలో ఒకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022 లెక్కలతో 2024 ఫిబ్రవరిలో బయటపెట్టిన అంకెలివి. ఇంకోసారి చదవండి. పేద దేశంలో జబ్బు బయటపడేది సగం మందికి కూడా కాదు, చావు మాత్రం ఎక్కువ.

అదే నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి దాదాపు 2 కోట్ల కొత్త కేసులు వచ్చాయి, 97 లక్షల మంది చనిపోయారు. 2050 నాటికి ఏటా కొత్త కేసులు 3.5 కోట్లు దాటుతాయని అంచనా. ఇందులో శాతం లెక్కన అత్యంత వేగంగా పెరిగేది పేద దేశాల్లోనే, 142 శాతం. ఇక మన దేశం సంగతి. ఇక్కడ 2022లో 14 లక్షల కొత్త కేసులు, 9 లక్షల మరణాలు. అంటే అయిదుగురికి జబ్బు వస్తే ముగ్గురు పోతున్నారు. అమెరికాలో నలుగురికి వస్తే పోయేది ఒకరు.

దీనికి మన ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే. "వాళ్ల దగ్గర మంచి మందులున్నాయి, మన దగ్గర లేవు." చికాగోలోనో డాలస్‌లోనో ఉన్న చుట్టాలు ఫోన్‌లో చెప్పేదీ ఇదే. ఇందులో నిజం ఉంది, కానీ సగమే. పేద దేశాల్లో క్యాన్సర్ రోగులు ఎక్కువగా చనిపోతున్నది లక్షల రూపాయల కొత్త ఇంజెక్షన్ దొరక్క కాదు. చవకైనవి, పాతవి, ఎప్పుడో కనిపెట్టినవి అందక చనిపోతున్నారు.

మొదటిది, జబ్బును ముందుగా పట్టుకోవడం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. మమోగ్రఫీ యంత్రాలు లేకపోవడమే కారణం అనుకుంటాం. అది కూడా పూర్తి నిజం కాదు. ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు లక్షన్నర మంది మహిళలతో 20 ఏళ్ల పాటు ఒక అధ్యయనం నడిపారు. యంత్రం లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూడటమే. 50 ఏళ్లు దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్, అదే మనం సిర్కా అంటామే, అది పూసి తెల్ల మచ్చ వస్తుందా అని చూసే పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. సిర్కా సీసా ధర ఎంతో చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు ఆలస్యం అవుతోంది? మన ఇళ్లలో అమ్మీకో ఖాలాకో ఛాతీలో గడ్డ తగిలితే అది నోరు విప్పి చెప్పడానికి నెలలు పడుతుంది. మగ డాక్టర్ ఉంటాడేమోనన్న బెరుకు, ఇంట్లో పెళ్లి పని పెట్టుకుని ఈ గొడవ ఎందుకన్న వెనకంజ, గడ్డ నొప్పి లేదు కదా అన్న ధీమా. ఇవన్నీ ఉన్నాయి. కానీ సిగ్గు మీదే నెపం వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. నొప్పి లేని గడ్డ కోసం ఒక రోజు కూలీ పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, పట్నం వెళ్లి, స్కానింగ్‌కు ఒక చోట, బయాప్సీకి ఇంకో చోట తిరగాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ల భారం చాలా కుటుంబాలకు తగ్గించింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. అయితే కార్డు అక్కరకొచ్చేది జబ్బు పేరు తేలాక. ఆ పేరు తేలేదాకా పోయే నెలలు, డబ్బులు రోగివే.

యంత్రం ఒక్కటే ఉంటే

క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్ అవసరం. ఉగాండాలో 2016 ఏప్రిల్ దాకా దేశం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క కోబాల్ట్ యంత్రం. రాజధాని కంపాలాలోని ములాగో ఆస్పత్రిలో 1995 నుంచి పని చేస్తోంది. అది ఇక బాగు చేయలేనంతగా పాడైపోయింది. పక్క దేశాల రోగులు కూడా దాని మీదే ఆధారపడ్డారు. నైరోబీలోని ఆగాఖాన్ ఆస్పత్రి 400 మందికి ఉచితంగా చికిత్స చేస్తామని ముందుకొచ్చింది. మిగతా వేల మంది? డబ్బున్నవాళ్లు కెన్యాకో ఇండియాకో వెళ్లారు. లేనివాళ్లు ఎదురు చూశారు. కొత్త యంత్రం పని మొదలుపెట్టేసరికి 2018 వచ్చింది. యంత్రం కొంటే సరిపోదు, రేడియేషన్ బయటికి రాకుండా మందపాటి గోడల గది కట్టాలి, దాన్ని నడిపే ఫిజిసిస్టులు కావాలి, కరెంటు పోకూడదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2022లో ఈ సమస్య మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆఫ్రికాలో 20కి పైగా దేశాల్లో ఒక్క రేడియేషన్ యంత్రం కూడా లేదు.

గాజాలో యుద్ధానికి ముందు కూడా రేడియేషన్ చికిత్స లేదు. రోగి తూర్పు జెరూసలేంలోని అగస్టా విక్టోరియా ఆస్పత్రికి వెళ్లాలంటే ఇజ్రాయెల్ పర్మిట్ కావాలి. పర్మిట్ రాకపోతే తేదీ పోతుంది, క్యాన్సర్ మాత్రం ఆగదు. అక్కడున్న ఏకైక ప్రత్యేక క్యాన్సర్ ఆస్పత్రి, టర్కీ సాయంతో కట్టిన ఫ్రెండ్‌షిప్ ఆస్పత్రి, ఇంధనం అయిపోయి 2023 నవంబర్ మొదట్లో ఆగిపోయింది. 2025 మార్చిలో ఇజ్రాయెల్ సైన్యం ఆ భవనాన్నే కూల్చేసింది. సుమారు 10 వేల మంది రోగులకు అదే దిక్కు. దీన్ని పేదరికం ఖాతాలో రాయలేం.

ఖమ్మం చెప్పే పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా ఉంది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా పూర్తిగా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో తేల్చారు. ఆస్ట్రేలియా 2035 నాటికి ఈ క్యాన్సర్‌ను దాదాపు లేకుండా చేస్తామంటోంది. మరోవైపు 2022లో దీంతో చనిపోయిన 3.5 లక్షల మందిలో 94 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల మహిళలే. టీకాతో ఆపగల క్యాన్సర్‌లోనే తేడా ఇంత ఉందంటే, మిగతా వాటి సంగతి ఊహించుకోవచ్చు.

పేద దేశానికి ఇది సాధ్యం కాదనడానికి వీల్లేదు. రువాండా 2011లోనే దేశమంతా ఈ టీకా మొదలుపెట్టింది. మరి మనం? ఇక్కడ మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఊరు ఒకటుంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు తేలలేదు. కానీ ఇంకోటి తేలింది. గిరిజన హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే, వేసిన తీరు తప్పు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మనం ఒప్పుకోం. అందుకే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ టీకా పేరెత్తాలంటేనే ప్రభుత్వాలు జంకాయి. సీరం ఇన్‌స్టిట్యూట్ సొంత టీకా 2023లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు డోసు ధర 2 వేల రూపాయలు. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ మధ్యలో పోయిన కాలం విలువ ఎవరు కడతారు?

పాకిస్తాన్ 2025 సెప్టెంబర్‌లో ఈ టీకా మొదలుపెట్టగానే, ఇది ఆడపిల్లలకు సంతానం లేకుండా చేసే కుట్ర అని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. చివరికి ఆరోగ్య మంత్రి ముస్తఫా కమాల్ అందరి ముందూ తన కూతురికే టీకా వేయించాల్సి వచ్చింది. అలాంటి వీడియోలు మన గ్రూపుల్లోకీ వస్తాయి. వాటిని ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి ఆగాలి. ఆ పుకారుకు ఆధారం లేదు. ఖమ్మం తల్లిదండ్రుల కోపానికి మాత్రం ఆధారం ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

నొప్పికి కూడా దేశం ఉంది

జబ్బు నయం కాదని తేలాక కూడా ఈ తేడా వదలదు. చివరి దశ క్యాన్సర్ నొప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది. రాత్రుళ్లు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. దానికి మార్ఫిన్ ఉంది. పేటెంట్ లేదు, చవక, వందేళ్లకు పైబడిన మందు. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. ప్రపంచంలో ఏటా పంపిణీ అవుతున్న మార్ఫిన్ తరహా మందులు 298 టన్నులకు పైగా ఉంటే, అత్యంత పేద దేశాలకు చేరుతున్నది 100 కిలోలు. టన్నులు కాదు, కిలోలే. అవసరమైన ఒక్కో రోగికి అమెరికాలో ఏటా 55 వేల మిల్లీగ్రాములు ఉంటే, ఇండియాలో 43 మిల్లీగ్రాములు. ప్రపంచమంతా ఉన్న ఈ లోటు పూడ్చడానికి ఏడాదికి 14.5 కోట్ల డాలర్లు చాలు. ఈ మొత్తం దొరకలేదంటే నమ్మశక్యంగా ఉందా?

విచిత్రం ఏమిటంటే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించి బయటి దేశాలకు అమ్మేది మనమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆస్పత్రులు, మందుల షాపులు మార్ఫిన్ జోలికే పోకుండా అయిపోయాయి. 2014లో చట్టం సవరించి లైసెన్సుల చిక్కు కొంత తగ్గించారు. డాక్టర్ల భయం మాత్రం అంత తొందరగా పోలేదు. అది మత్తుమందు కదా అని వెనకాడే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. డాక్టర్ కొలిచి, నొప్పి చూసి ఇచ్చేది మందే.

ఇందాక యంత్రం లేదని చెప్పుకున్న ఉగాండా ఈ విషయంలో మనకంటే ముందుంది. అక్కడ ద్రవ రూపంలో మార్ఫిన్ తయారు చేసి సీసాల్లో ఉచితంగా ఇస్తారు. 2004 నుంచి శిక్షణ పొందిన నర్సులు కూడా రాసిచ్చేలా చట్టం మార్చుకున్నారు. కేరళలో కాలికట్ నుంచి 1993లో మొదలైన ఉద్యమం ఊరూరా పాలియేటివ్ కేర్‌ను నిలబెట్టింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రిలోనూ నొప్పి తగ్గించే విభాగం ఉంది. (ఎంఎన్‌జే అంటే మెహ్దీ నవాజ్ జంగ్. గుజరాత్ తొలి గవర్నర్ అయిన మన హైదరాబాదీ పేరే అది. ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.)

ధర ఎవరు నిర్ణయిస్తారు

ఇప్పుడు ఖరీదైన మందుల దగ్గరికి వద్దాం. ఇక్కడ హైదరాబాద్‌కు చరిత్రలో చోటుంది. ఇమాటినిబ్ అనే మాత్ర ఒక రకం రక్త క్యాన్సర్‌ను, చావు తప్పదనుకున్న జబ్బును, రోజూ మాత్ర వేసుకుని బతకగలిగే జబ్బుగా మార్చింది. స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ బ్రాండు గ్లీవెక్ ధర నెలకు సుమారు 1.2 లక్షలు. హైదరాబాద్‌లోని నాట్కో సహా మన కంపెనీలు తయారు చేసిన అదే మందు నెలకు 10 వేల లోపే. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడిగితే ఇవ్వనక్కర్లేదని మన పేటెంట్ చట్టంలో 3(డి) అనే సెక్షన్ ఉంది. దాని ఆధారంగా 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదన తోసిపుచ్చింది.

అంతకు ఏడాది ముందే, 2012 మార్చిలో, ఇంకో సంగతి జరిగింది. కిడ్నీ, లివర్ క్యాన్సర్‌లకు వాడే సొరాఫెనిబ్ మందును జర్మనీ కంపెనీ బేయర్ నెలకు 2.8 లక్షలకు అమ్మేది. పేటెంట్ బేయర్‌దే, వివాదం లేదు. అయినా ప్రజలకు అందుబాటు ధరలో ఇవ్వడం లేదు కాబట్టి వేరేవాళ్లు తయారు చేయొచ్చంటూ పేటెంట్ కంట్రోలర్ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. ధర 8,880 రూపాయలకు పడిపోయింది. బేయర్‌కు రాయల్టీ కూడా దక్కింది. ఈ మందును భారతీయుల కోసం తయారు చేయలేదని, కొనగల పాశ్చాత్య రోగుల కోసం చేశామని అప్పటి బేయర్ అధినేత ఒక సభలో అన్నారు. పెద్ద దుమారం రేగింది. నాకైతే ఆ మాటలో దాపరికం లేకపోవడం నచ్చింది. ఆ వ్యాపారం నడిచే తీరు అదే మరి.

నాట్కోను దానధర్మాల సంస్థ అనుకోవద్దు, అదీ లాభం చూసుకునే కంపెనీనే. 8,880 కూడా మేస్త్రీ పని చేసేవాడికి మోయలేని బరువే. కానీ 2.8 లక్షలు అనేది దేవుడు రాసిన ధర కాదని ఆ ఒక్క ఉత్తర్వు చూపించింది.

ఇప్పుడు వస్తున్న మందులతో చిక్కు వేరు. ఇమ్యునోథెరపీ మందులు బతికున్న కణాల్లో తయారవుతాయి. మాత్రను నకలు చేసినంత తేలిగ్గా వీటిని చేయలేరు. పెంబ్రోలిజుమాబ్ అనే మందు అమెరికాలో మూడు వారాలకోసారి వేసే డోసుకు 11 వేల డాలర్లు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబర్‌లో దీన్ని మరికొన్ని రకాల క్యాన్సర్లకూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. జాబితాలో చేరినంత మాత్రాన షాపులో చేతికి అందదు.

ఈ గోడకు ఒక కన్నం పెట్టింది మళ్లీ ముంబై డాక్టర్లే. గుట్కా, ఖైనీ పుణ్యమా అని మన దగ్గర నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువ. నివోలుమాబ్ అనే ఇలాంటి మందునే మామూలు మోతాదులో పదో వంతు కూడా కాకుండా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు, చవకైన కీమో మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. తక్కువ మందుతో పని అవుతుందా అని చూసే ట్రయల్‌కు మందు అమ్ముకునే కంపెనీ డబ్బు పెడుతుందా? పెట్టదు. అలాంటి ప్రశ్న మందు కొనలేని దేశంలోనే పుడుతుంది. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

రెండో సంగతి వాణిజ్య ఒప్పందాలు. 2025 జులైలో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు మన పేపర్లన్నీ కార్లు, విస్కీ ధరల గురించి రాశాయి. మందులు అందుబాటులోకి తేవడానికి కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చే లైసెన్సులే మేలైన దారి అన్న మాట కూడా ఆ ఒప్పందంలో ఉంది. కంపెనీ ఇష్టపడితేనే అన్నమాట. ఆరోగ్య హక్కుల కోసం పనిచేసేవాళ్లు అభ్యంతరం చెప్పారు. తప్పనిసరి లైసెన్సు ఇచ్చే అధికారం చట్టంలో ఇంకా పోలేదని ప్రభుత్వం అంటోంది. నిజమే, పోలేదు. కాకపోతే 2012లో నాట్కోకు ఇచ్చిందే మొదటిది. ఆ తర్వాత రెండోది ఇవ్వలేదు.